షెడ్డు వెనక నేల ఉసిరి

మా ఆయన కార్లకు రంగు కొడతాడు. ఆయన రంగేసిన తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అందుకే షెడ్డులో అందరూ ఆయన్ని 'అద్దం' అంటారు. ఆ అద్దం కళ్లు పచ్చబడిన రోజు నుంచి నా కంటి మీద కునుకు లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీయించి చూసి, నాన్చకుండా చెప్పింది. "కాలేయం వాచింది. రంగులో కలిపే ఆ థిన్నర్ ఆవిరి ఇక పీల్చకూడదు. ఫ్యాను, సరైన మాస్కు లేకుండా ఆ గదిలో అడుగు పెట్టొద్దు."

షెడ్డులో ఫ్యాను పాడై ఎనిమిది నెలలైంది. మాస్కంటే జేబురుమాలే. వెళ్లి ఓనరుకు చెప్పాను. ఆయనకు అందరూ తమ్ముళ్లూ చెల్లెళ్లే. ఫ్యాను మాటెత్తితే మాత్రం ఎవరికి వారే.

"కామెర్లకు ఇంత హడావిడెందుకు చెల్లెమ్మా? నేల ఉసిరి రుబ్బి మజ్జిగలో తాగించు. మన షెడ్డు వెనకే బోలెడుంది, నేనే పంపిస్తా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ మంచిదే అది. వారం తాగి పనిలోకి వచ్చేయమను."

రోజు విడిచి రోజు కట్ట పంపాడు. మా ఆయన కరిగిపోయాడు. "చూశావా, సొంత అన్న కూడా ఇంత చెయ్యడు" అంటూ వారానికే పనిలోకి వెళ్లాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా అమ్మ కూడా ఆ ఆకే ఇచ్చేది కదా అని నమ్మకంగా రుబ్బాను. ఆకు మీద బూడిద రంగు చుక్కలుంటే చీడ అనుకున్నాను. రుబ్బుతుంటే థిన్నర్ వాసన వచ్చేది. మా ఇంట్లో ఆ వాసన లేనిదెక్కడ? ఆయన చొక్కాకు, దిండుకు, తువ్వాలుకు అంతా అదే. పట్టించుకోలేదు.

మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేస్తే వాపు పెరిగింది. ఇంకేమిస్తున్నావని డాక్టరమ్మ అడిగితే ఆకు సంగతి చెప్పాను.

"ముందే చెప్పాల్సింది. ఎంత మంచి ఆకైనా ఆ ఆవిరి ఆగకుండా ఏం చేస్తుంది? అసలు ఎక్కడి నుంచి తెస్తున్నారు?"

ఆ ప్రశ్న పట్టుకుని నేరుగా షెడ్డు వెనక్కి వెళ్లాను. గోడ వెంట ఒక గుంట ఉంది. దాని అంచున మొక్కలు మాడిపోయాయి. కాస్త ఎడంగా ఉన్నవి గుబురుగా ఉన్నాయి. నేను చూస్తుండగానే ఒక పనివాడు స్ప్రే గన్ను కడిగిన థిన్నర్‌ను డబ్బాతో తెచ్చి గుంటలోకి విసిరి పోశాడు. సగం మొక్కల మీదే పడింది. ఆకుల మీద బూడిద చుక్కలు.

నా ఒళ్లు మండిపోయింది. ఈ చేతులతోనే, నా మొగుడికి రుబ్బి పోశాను. గుప్పెడు కోసుకుని ఓనరు బల్ల ముందు నిలబడ్డాను.

"ఒక్క రెమ్మ నమలండి ఓనరు గారూ."

"నాకెందుకు చెల్లెమ్మా? నాకేం జబ్బు లేదుగా."

"ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ మంచిదన్నారుగా. మీ గోడ పక్కదే, మీరు పంపిందే."

నవ్వుతూ రెమ్మ అందుకున్నాడు. నోటి దాకా తెచ్చాడో లేదో, ముఖం చిట్లించి బల్ల మీద పడేశాడు. జేబురుమాలు తీసి వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "బాగా కడిగితే పోతుందిలే" అన్నాడు.

"అయితే కడుక్కుని తినండి" అన్నాను. ఆయన ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

నా గొంతు విని మా ఆయన లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖానికి కట్టుకున్న రుమాలు కిందికి లాగాడు. ఆయన చూపంతా ఓనరు వేళ్ల మీదే ఉంది.

"మీకు వాసన తగలగానే తెలిసిపోయింది అన్నా" అన్నాడు మెల్లగా. "నేను మూడు వారాలు తాగాను. నాకు తెలియలేదు. నా ముక్కు ఎప్పుడో మీ షెడ్డులోనే పోయింది."

చేతిలోని స్ప్రే గన్ను బల్ల మీద పెట్టి నాతో నడిచాడు. వీధిలోకి వస్తుంటే వెనక నుంచి ఓనరు గొంతు వినిపించింది.

"తమ్ముడూ, ఆ తలుపుకి ఇంకొక్క పూత ఉంది. అది వేసి వెళ్లు."

మా ఆయన ఆగలేదు.