బ్యాటరీ తీసినా తెగని మాట

నేను ఒక మీటల ఫోన్‌ని. మూత గోటితో లేపితే చాలు, బ్యాటరీ చేతికొచ్చేస్తుంది. అందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఈనాటి నున్నటి ఫోన్లు వీపు అతికించుకుని పుడుతున్నాయి. ఆ నాజూకు వాటికే ఉండనీయండి.

రెండేళ్లు పనిచేస్తే గొప్పేనని అమ్మినవాడే అన్నాడు. ఆ రెండేళ్లూ ఒక పంతులుగారి జేబులో గడిచాయి. ఆయన టచ్ ఫోన్ కొనుక్కుని, శ్రీకాకుళం తీరంలోని ఒక రిపేరు కొట్టులో నన్ను వదిలేశారు. కొట్టు నడిపే హేమసుందరి నన్ను శుభ్రంగా తుడిచి, చేపలమ్మే ఎర్రమ్మకు ఇచ్చింది. ఆమె దగ్గర మరో ఏడేళ్లు ఉప్పునీరూ ఇసుకా తిన్నాను. "ఇంకా ఈ డొక్కేటే?" అని వెక్కిరించినవాళ్లు తలా మూడు ఫోన్లు మార్చారు. నేను మాత్రం మోగుతూనే ఉన్నాను.

ఒక మాఘమాసపు పొద్దున సముద్రాన్ని మంచు కమ్మేసింది. ఊళ్లో రెండు రోజులుగా కరెంటు లేదు. వేటకెళ్లిన ఎర్రమ్మ పెనిమిటి దానయ్య ఫోన్ చేశాడు.

"ఇంజనాగిపోనాది. తెప్పలోకి నీరొస్తంది. ఫోన్ తడిసి మీటలు నొక్కుడవట్లేదు. ఈ మాట తెగితే మరెత్తలేను. లైను ఒగ్గీకే!"

ఎర్రమ్మ నన్ను చెవికి అదుముకుని హేమసుందరి కొట్టుకు పరుగెత్తింది. ఎర్రమ్మ తమ్ముడు అప్పన్న బోటు తీసుకుని వెతకడానికి బయల్దేరాడు. అతనితో హేమసుందరి తన ఫోన్లో మాట్లాడుతోంది. అప్పన్న మంచులో హారన్ కొడుతున్నాడు. అది ఎటు వినిపిస్తోందో దానయ్య నాలోంచి చెబుతున్నాడు. ఎర్రమ్మ ఆ మాటే హేమసుందరి ఫోన్లోకి అరిచి తమ్ముడికి అందిస్తోంది.

"దక్షిణానికి తిప్పమంతన్నాడు!"

అప్పుడే నా బ్యాటరీ అయిపోవచ్చింది. కీచుమన్నాను.

"పాపా, ఇది సచ్చిపోతంది!" అంది ఎర్రమ్మ.

"కదపకు పిన్నీ" అంటూ హేమసుందరి నా మూత తీసింది. ఛార్జి మిగిలిన ఒక పాత బ్యాటరీకి రెండు సన్నని రాగి తీగలు అంటించి, వాటి కొసలను నా బ్యాటరీ పక్క సందులోంచి లోపలి పిన్నులకు ఆనించింది. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు. తీగలను వేళ్లతో నొక్కిపట్టి, చావుకొచ్చిన నా బ్యాటరీని లాగేసింది.

ఆ క్షణం నన్ను బతికించినవి రెండు వెంట్రుకల్లాంటి తీగలు. తెర వణికింది. ఆరిపోవడం ఎంత సులువో నాకు తెలుసు. ఆరిపోలేదు. ఆ ఖాళీలో నాకు సరిపోయే మరో నిండు బ్యాటరీ టక్కున కూర్చుంది.

"ఎర్రమ్మా... ఉన్నావా?"

"ఉన్నాను! సెప్పు, ఎటు?"

మరో ఇరవై నిమిషాలకు ఆ హారన్ నాలోంచే వినిపించింది.

దానయ్య ఒడ్డెక్కాక అందరూ గంగమ్మకు దండం పెట్టారు. అప్పన్నను కౌగిలించుకున్నారు. హేమసుందరికి చీర పెట్టారు. నన్ను మాత్రం ఒక తట్ట మీద బోర్లా పడేశారు. మనుషుల పద్ధతే అంత.

నిరుడు నా తెర పగిలింది. ఇప్పుడు హేమసుందరి పాత సామాన్ల డబ్బాలో ఉన్నాను. మొన్న ఒకాయన మాట వినపడని ఫోన్ తెచ్చి, డబ్బాలోకి చూసి, "ఈ సెత్త పారీరాదా?" అన్నాడు. ఆమె నా స్పీకరు ఊడదీసి అతని ఫోన్లో బిగించింది. అతను ఇంటికి ఫోన్ చేశాడు.

వాళ్లావిడ గొంతు అతని చెవిలో పలికించింది నేనే.