పుల్లన్న కుడి చెయ్యి

ప్రొద్దుటూరులో సూదుల కరీముల్లా అంటే అందరికీ తెలుసు. మద్రాసులో ఒక డాక్టరు దగ్గర నాలుగేళ్ళు పనిచేసి నేర్చుకొచ్చిన విద్య అది. మందూ లేదు, మాత్రా లేదు. సన్నటి సూదులు ఒంట్లో దించి పావుగంట ఉంచి తీసేస్తాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు అన్నీ ముందే చెబుతాడు. సూది తీసినచోట ఒక చుక్క నెత్తురు రావచ్చు, చర్మం కమలవచ్చు, రెండు రోజులు నొప్పి పెరగనూ వచ్చు. వాటికేం భయం లేదు. ఖాళీ కడుపుతో మాత్రం రాకూడదు. మొదటిసారి పడుకునే వేయించుకోవాలి. ఈ రెండూ తప్పితే మనిషి కళ్ళు తేలేస్తాడు.

పుల్లన్న ఆ రెండూ తప్పాడు.

పుల్లన్నది చాపాడు అవతల ఒక పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలు మేపిన ఇల్లు. ఈయన కాలానికి గొర్రెలు తగ్గి వెనక తిరిగే మనుషులు పెరిగారు. ఆ ఏడాది మండలాధ్యక్ష పదవికి నిలబడ్డాడు. అంతకు రెండేళ్ళ ముందు నాటుబాంబు పేలి కుడి భుజంలో పెంకులు దిగాయి. పెంకులైతే తీశారు గాని చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. జీపులో నిలబడి జనానికి దండం పెట్టలేని మనిషి ఓట్లేం అడుగుతాడని ఎదటి పార్టీవాళ్ళు మైకుల్లో ఎకసెక్కాలాడుతున్నారు. బాంబు దెబ్బ కన్నా ఆ మాటలే పుల్లన్నను ఎక్కువ బాధించాయి.

ఉదయం పదిగంటలకు వచ్చాడు. వెంట యల్లయ్య ఒక్కడే. పదిహేనేళ్ళుగా పుల్లన్నకు కాపలా ఉన్నవాడు, తువ్వాల్లో చుట్టిన కొడవలి చంకలోంచి దించనివాడు.

"తినొచ్చినారా అప్పా?" అని అడిగాడు కరీముల్లా.

"తిన్యా."

అది అబద్ధం. పార్టీ కట్టి పగలు పెంచుకున్న మనిషి ఎప్పుడు తిన్నదీ ఎక్కడ తిన్నదీ బయటివాళ్ళకు చెప్పడు. విషానికి భయపడి, ఊరు దాటే రోజున పచ్చి మంచినీళ్ళయినా ముట్టడు. పుల్లన్న ముందు రోజు సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు.

"అట్లయితే ఈడ పండుకోండప్పా."

"నేను ఒకరి ముందర పండుకోను సాయిబూ. ఈన్నే కూసుంటా." అని గోడకు వీపు ఆనించి, వాకిలికి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

ఇంకెవరైనా అయితే, పడుకుంటేనే వేస్తాను, లేదంటే వెళ్ళిరండి అనేవాడే. పుల్లన్నతో అలా అనలేక సూదుల పెట్టె తెరిచాడు. ఆ పిరికితనానికి కరీముల్లా తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకున్నాడో లెక్కలేదు.

నాలుగో సూది దిగేసరికి పుల్లన్న ముఖం తెల్లబారింది. నుదురంతా చెమట పట్టింది. "గాలి ఆడల్యా" అన్నాడు మెల్లగా. ఆ మాట మీదే కుర్చీలోంచి పక్కకు ఒరిగి నేల మీద పడ్డాడు.

కరీముల్లా చకచకా సూదులు పీకేశాడు. కాళ్ళు కుర్చీ మీదికి ఎత్తి పెట్టాడు. ముక్కుకూ పెదవికీ మధ్య బొటనవేలి గోరుతో గట్టిగా అదిమాడు. సూదికి సొమ్మసిల్లినవాణ్ణి లేపాలంటే పద్ధతి అదే. కానీ చూసేవాళ్ళకు ఊపిరి మూస్తున్నట్టే ఉంటుంది. కరీముల్లా మెడ మీద చల్లగా ఇనుము తగిలింది.

"ముక్కు కాన్నుంచి చెయ్యి తీ సాయిబూ. ఎవురు పంపినారు నిన్ను?" అన్నాడు యల్లయ్య, కొడవలి ఇంకాస్త అదిమి.

"తీస్తే లేయడు యల్లయ్యా. నూరు అంకెలు ఎంచు. అప్పటికీ లేయకుంటే నరుకు."

యల్లయ్య నిజంగానే ఎంచాడు, పైకే. అరవై దాటాక పుల్లన్న రెప్పలు కదిలాయి. తెర వెనక నుంచి కరీముల్లా భార్య మాబున్ని చక్కెర నీళ్ళు తెచ్చింది. యల్లయ్య సగం నీళ్ళు ఆమెతో తాగించి, కాసేపు ఆమె ముఖమే చూస్తూ నిలబడి, అప్పుడు మిగతావి పుల్లన్న నోటికి అందించాడు. అందిస్తూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

పుల్లన్న లేచి కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు.

"ఎవురెవురు సూసినారు?" అన్నాడు.

"బయటోళ్ళు ఎవురూ ల్యా అప్పా. మేమే" అన్నాడు కరీముల్లా.

పుల్లన్న ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. వెళ్ళి జీపెక్కాడు.

మళ్ళీ రాడనుకున్నారు. మర్నాడే వచ్చాడు. ఈసారి తిని వచ్చాడు, చెప్పినట్టు పడుకున్నాడు. యల్లయ్యను మాత్రం తేలేదు. అడిగితే వేరే పని చెప్పానన్నాడు. నాలుగు రోజులు వరసగా వచ్చాడు. మొదట్లో చెయ్యి కమిలింది, నొప్పి హెచ్చింది, ఓర్చుకున్నాడు. నాలుగోరోజుకు చెయ్యి గడ్డం దాకా లేచింది.

అయిదోరోజు జమ్మలమడుగు దగ్గర పెన్నలో, ఇసుక మీద యల్లయ్య శవం దొరికింది.

ఎదటి పార్టీవాళ్ళే చంపారని ఊరంతా అన్నారు. శవాన్ని ట్రాక్టరులో ఊరేగిస్తూ ప్రొద్దుటూరు మీదుగా తీసుకుపోయారు. శవం పక్కన నిలబడి, పగ తీర్చుకోకుంటే తాను మనిషినే కాదని పుల్లన్న ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు పెట్టుకునేటప్పుడు కుడి చెయ్యి తల పైదాకా లేచింది. జనం కేకలు వేశారు.

"చెయ్యి బాగయింది సూడు" అంది మాబున్ని కిటికీలోంచి. కరీముల్లా కిటికీ రెక్క మూసేశాడు. తన చేత్తో బాగుచేసిన చెయ్యి అది.

మూడోనాడు పుల్లన్న వచ్చి మంచం మీద పడుకున్నాడు. కరీముల్లా సూదులు తుడుస్తుంటే తనే మాట్లాడాడు.

"యల్లయ్య మంచోడు సాయిబూ. నాకోసరం పానం ఇచ్చేటోడు. శానా పేమ. ఆ పేమతోనే చాపాడు టీ అంగట్లో, మా అన్న సూదికి పడిపోతే నేనే లేపినా అని చెప్పుకున్యాడంట. ఎలచ్చన్లు పది దినాలుండాయి. సూదికి పడిపోయినోని ఎనక ఎవురు నడుచ్చారు చెప్పు?"

కరీముల్లా తుడిచిన సూదినే మళ్ళీ తుడిచాడు.

"నువ్వూ నీ పెండ్లామూ నోరు లేనోళ్ళు. ఆ మాట నేను మావోళ్ళకు గట్టిగా చెప్పినా, ఈ సాయిబు నా చెయ్యి లేపుతాండాడు, వాని జోలికి పోవద్దండి అని." పుల్లన్న కళ్ళు మూసుకున్నాడు. "ఇంగ ఎన్నిసార్లు రావాల?"

నిజానికి ఆ రోజుతో సరి. భుజం కింద నరం వదులైంది. ఇక సూది అక్కర్లేదు.

"శానా దినాలు పడ్తాదప్పా" అన్నాడు కరీముల్లా. "నడమ ఆపితే చెయ్యి మళ్ళా పడిపోతాది."

రోగితో అతను చెప్పిన మొదటి అబద్ధం అది. తెర వెనక మాబున్ని అన్నీ వింటూ నిలబడి ఉంది. కరీముల్లా వేలితో భుజం తడిమి, దించాల్సిన చోటు చూసుకుని, దానికి రెండు వేళ్ళు ఇవతలగా సూది దించాడు. పుల్లన్న నొప్పికి పళ్ళు కొరికాడు. ఆ నొప్పి ఉన్నన్నాళ్ళే తనకూ మాబున్నికీ ఆయుష్షని కరీముల్లాకు తెలుసు. ఇంకొక సూది తీసుకున్నాడు.