గీత పక్కన ఖాళీ

"నువ్వు నవ్వకుండా నిలబడిన ఫోటో ఇదొక్కటే దొరికింది" అంటూ మా అత్తయ్య స్తమెంక ఒక ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టింది. అప్పుడు నా చేతిలో పాత మ్యూజిక్ ప్లేయర్ ఉంది. దాని వెనక మూత అంచులో సన్నటి ప్లాస్టిక్ బద్ద దూర్చి ఒక్కో కొక్కెమే ఊడదీస్తున్నాను.

"చేతులు ఖాళీగా లేవత్తయ్యా. అక్కడే ఉంచండి."

"ఎప్పుడు ఖాళీగా ఉన్నాయి గనక" అని ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, ఫ్లాస్కులోని కాఫీ మూతలో పోసుకుంది.

నిష్ ఊరి కూరగాయల సంత చివర ఉంటుంది మా కొట్టు. గడియారాల సెల్లులు, ఫోన్ల బ్యాటరీలు, రిమోట్లు అమ్ముతాం, బాగుచేస్తాం. బోర్డు మీద ఇప్పటికీ 'మాస్టర్ మియోద్రాగ్' అనే ఉంది. మాస్టర్ అంటే నా మొగుడే, పోయిన శరదృతువులో చనిపోయాడు. అలవాటైన పేరు తీసేస్తే బేరం తగ్గుతుందని నేనే ఉంచాను. ఆయన ఉన్నప్పుడు కూడా బోర్డు మీద పేరు ఆయనది, బల్ల మీద చేతులు నావి. ఎవరైనా వస్తే ఆయన లేచి కరచాలనం చేసి, వస్తువును అటూ ఇటూ తిప్పి చూసి "సాయంత్రానికల్లా అయిపోతుంది" అనేవాడు. అని నా ముందు పెట్టి, ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లోకి వెళ్లిపోయేవాడు. అక్కడ స్నేహితులతో "మా వెరిత్స చేతులు చిన్నవిరా, మరలు బాగా పడతాయి. బుర్ర నాది, వేళ్లు దానివి" అంటే అందరూ నవ్వేవారు. ఆ నవ్వు ఇవతలికి వినబడేది. నేనూ నవ్వేదాన్ని. వ్యాపారంలో గిట్టుబాటు కాని చోట పోట్లాడకూడదని అప్పటి నా లెక్క.

వచ్చే శనివారం ఆయన సంవత్సరీకం. ఆ రోజుకి సమాధి రాయి నిలబడాలి. మా వైపు మొగుడు ముందు పోతే పెళ్లాం పేరూ బొమ్మా కూడా అదే రాయి మీద చెక్కించేస్తారు. పుట్టిన సంవత్సరం, పక్కన ఒక గీత, గీత పక్కన ఖాళీ. ఆ ఖాళీని ఆమె పోయాక నింపుతారు. రాయి చెక్కే గ్వోజ్దెన్ నా ఫోటో కోసమే ఎదురుచూస్తున్నాడు. నేను ఇదిగో అదిగో అని దాటవేస్తూ వచ్చాను. ఇక లాభం లేదని అత్తయ్యే ఇల్లంతా వెతికి తెచ్చింది.

ఫోటో వైపు చూశాను. మా ఇంటిని కాచే పునీతుడి పండుగ నాటిది. ఆ రోజు పొద్దుటి నుంచి వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, ఇంటి ఆడది కూర్చోకూడదు. ఫోటోలో నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. వెనక బల్ల చుట్టూ అందరూ తింటున్నారు.

"ట్రే ఉందేమిటి అత్తయ్యా?"

"ట్రే కత్తిరించేస్తాడులే. వాడికి మొహం చాలు."

మూత ఊడింది. దీన్ని గబుక్కున లాగకూడదు. రెండు భాగాలనూ కలుపుతూ లోపల కాగితంలాంటి సన్నటి తీగ ఉంటుంది, లాగితే తెగుతుంది. పుస్తకం తెరిచినట్టు నెమ్మదిగా తెరిచాను. లోపల బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. అతిగా వాడితే ఉబ్బుతుందనుకుంటారు జనం. వాడకుండా డ్రాయర్‌లో పడేసినా ఉబ్బుతుంది. దానికి మొన తగలకుండా, అంటించిన బంకను కొంచెం కొంచెంగా వదిలించి, పైకి తీసి ఇసుక డబ్బాలో వేసి మూత పెట్టాను.

ఈ ప్లేయర్ నాది. పెళ్లికి ముందు చెర్రీ తోటల్లో కాయలు కోసిన కూలీతో కొనుక్కున్నాను. అందులోకి పాటలు నేనే ఏరి ఎక్కించుకున్నాను. వంట చేస్తూ వినే పాటలు వేరు, బస్సులో వినేవి వేరు. పెళ్లయిన వేసవిలో మియోద్రాగ్ చేపలు పట్టడానికి వెళ్తూ "ఒక్క రోజుకి ఇవ్వు" అని పట్టుకెళ్లాడు. తర్వాత అది ఆయన సంచీలోనే ఉండిపోయింది. బ్యాటరీ చచ్చిపోయాక తెచ్చి డ్రాయర్‌లో పడేసి "నీ డబ్బా పోయిందే" అన్నాడు. పోయాక మళ్లీ నాదయింది. ఊళ్లో వాళ్ల బ్యాటరీలన్నీ మార్చాను గానీ దీనికి మాత్రం చెయ్యి ఖాళీ దొరకలేదు.

"నా బొమ్మ చూస్తావుగా మీ మామ రాయి మీద" అంది అత్తయ్య. "పెద్దలను తలుచుకునే శనివారం వెళ్లినప్పుడల్లా ఆయన మొహం తుడిచి, నా మొహం నేనే తుడుచుకుంటాను. మొదటిసారి కొవ్వొత్తి ఒకటి వెలిగించాలా రెండా అని పూజారిని అడిగితే నవ్వాడు."

"మీరు చెక్కించమన్నారా?"

"నన్నెవరడిగారు? మీ మామ తమ్ముళ్లు చెక్కించారు. బాగుందా వదినా అన్నారు. బాగుందన్నాను. పక్క మీద ఎటువైపు పడుకున్నానో మట్టిలో కూడా అటువైపే. కొత్తగా నేర్చుకునేది ఏముంది?"

కొత్త బ్యాటరీని కూర్చోబెట్టి, తీగ కొసను దాని గాడిలో నొక్కాను. మూత బిగించి బటన్ నొక్కి పట్టుకున్నాను. తెర మసగ్గా వెలిగింది. పాటల పట్టిక తెరిచాను. చేపల రేవులో తాగి పాడుకునే పాటలు. ఫుట్‌బాల్ పాటలు. బూర బృందాల మోత. కిందికి తిప్పాను, ఇంకా కిందికి. చివరిదాకా అవే. నా పాట ఒక్కటీ లేదు. చెరిపేశానని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. దాచాలనీ అనుకుని ఉండడు. ఆయన పాటలకి చోటు కావలసి వచ్చింది, అంతే.

నా కళ్లు తడవలేదు. కూర్చుని లెక్క చూసుకున్నాను. నా వస్తువు, నా కూలీ, నా చేత్తో వేసిన బ్యాటరీ. లోపల అంతా ఆయనే.

అప్పుడే ఫోన్ మోగింది. గ్వోజ్దెన్.

"వదినా, ఇవాళ చెక్కడం మొదలుపెట్టకపోతే శనివారానికి అందదు. ఆయన బొమ్మ ఎడమ పక్కన గీసేసి ఉంచాను. కుడి పక్క నీదే. గీత పక్కన చోటు బోలెడంత వదులుతాలే, నువ్వేం తొందరపడక్కర్లేదు" అని తన హాస్యానికి తనే నవ్వాడు.

"గీసిందేనా, చెక్కావా?"

"సుద్దతో గీశాను. ఏం?"

"అయితే తుడిచెయ్. ఆయన బొమ్మ మధ్యలో చెక్కు."

"మధ్యలోనా? మరి నీకు చోటుండదు కదా వదినా!"

"ఉండదు."

"అత్తగారికి తెలుసా?" అన్నాడు.

"నా ఎదురుగానే ఉన్నారు" అని ఫోన్ పెట్టేశాను.

అత్తయ్య మొహం ఎర్రబడింది. "ఊరేమంటుంది? సంవత్సరం తిరక్కుండా ఇంకొకణ్ణి చూసుకుందంటారు. నా కొడుకు ఒంటరిగా పడుకోవాలా అక్కడ?"

"నాకెవరూ వద్దు అత్తయ్యా. ఆయన రాయి ఆయనకే ఉండనివ్వండి. శనివారం వంట నేనే చేస్తాను, పోయినవాళ్ల పేరిట పెట్టే గోధుమలు నేనే ఉడకబెడతాను, వచ్చినవాళ్లకి వడ్డిస్తాను. బొమ్మ మాత్రం ఇవ్వను."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది. ఫోటో తీసి, నావైపు ఒకసారి, అందులోని ట్రేవైపు ఒకసారి చూసి, చేతిసంచీలో వేసుకుంది. నేను ప్లేయర్‌లోని పాటలన్నీ చెరిపేశాను. తెర మీద ఏమీ మిగల్లేదు. ఎక్కించుకుందామంటే పాత పాటలేవో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

తలుపు దాకా వెళ్లిన అత్తయ్య అక్కడే ఆగింది. వెనక్కి తిరగలేదు. ద్వారబంధానికి భుజం ఆనించి, చలికోటు గుండీలు పెట్టుకుంటూ, సంతవైపు చూస్తూ అంది.

"ఆ గ్వోజ్దెన్‌ని ఇంకో మాట అడగలేకపోయావా? సుద్దతో గీసింది సరే, మీ మామ పక్కన చెక్కేసిన పేరు తీయడం కుదురుతుందేమో."