పై దవడలో ఖాళీ

సృష్టిలో దుమ్ము రెండు విధాలు: ఊడ్చవలసినది, జల్లించవలసినది. ఈ భేదం గ్రహించని చీపుళ్ల పాలబడి మ్యూజియంలోని మహామృగాలు ఎన్ని తోకలు పోగొట్టుకున్నాయో లెక్కలేదు.

జల్లెడాయన ఆ ఉదయం కూడా నేలమాళిగలో రాతిపొడి జల్లిస్తున్నాడు. వంగిన వీపు, సున్నం కొట్టినట్టున్న కనుబొమలు, సూది పట్టి పట్టి వంకరపోయిన చూపుడువేలు. ఎదుట బల్లమీద, పందిని పోలిన ఏదో ప్రాచీన జంతువు పుర్రె. దాన్ని బండరాయిలోంచి విడిపించేసరికి ఆయన యౌవనం కాస్తా రాయివైపే ఉండిపోయింది. పై దవడలో ఒక్క పన్ను మాత్రం ఇంకా దొరకలేదు.

క్యూరేటరు గుమ్మంలోంచే తీర్పు చెప్పాడు. "సాయంత్రానికి దొరక్కపోతే పుర్రె గోడౌనుకే పోతుందండీ. బోసినోరును అద్దాలపెట్టెలో పెట్టి ఎవరికి చూపిస్తాం?"

"దొరుకుతుందండీ. ఎక్కడికి పోతుంది, దానికేమన్నా కాళ్లా?"

క్యూరేటరు వెళ్లగానే జిగురు పనివాడు పక్కబల్ల నుంచి నవ్వాడు. "బావా, అక్కయ్యకు అప్పుడే మ్యూజియం టికెట్టు కూడా తీశావటగా?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఆయన రాళ్లు కొడతాడనే చెబుతోందిరా ఊరందరికీ. ఏం కొట్టానో రేపు చూస్తుంది."

మధ్యాహ్నం జిగురు పనివాడు క్యాంటీనుకు వెళ్లిన వేళ, ఎండురొట్టె కొరకగానే జల్లెడాయన సొంత పన్ను ఒకటి రాలింది. జీవితకాలపు టీ మరకలతో గోధుమరంగు తేలిన పన్ను. ఎముక జాతికి చెందిన దేన్నీ పారవేయరాదన్నది ఆ గది శాసనం. అలవాటు చొప్పున దాన్ని దూది పరిచిన పళ్లెంలో పెట్టి, మళ్లీ జల్లెడ అందుకున్నాడు.

సాయంత్రం జిగురు పనివాడు పిలిస్తే పలకలేదు. గోడకు ఆనుకుని, ఒళ్లో జల్లెడతో, రోజూలాగే కూర్చుని ఉన్నాడు. ఊపిరి ఒక్కటే లేదు.

అంబులెన్సు వెళ్లిపోయాక జిగురు పనివాడు పళ్లెం చూశాడు. "దొరికిందా బావా! ఒక్క మాట చెప్పకూడదూ!" అని ఏడుస్తూ, కన్నీటి మసకలోనే అతికించాడు. రంగు అచ్చంగా కలిసింది. పంటి వేళ్లు కాస్త పొట్టివైనా జిగురు సర్దిపెట్టింది. ఆ దంతసౌష్ఠవం గురించి మర్నాడు క్యూరేటరు ఘనంగా ఉపన్యసించాడు.

కొన్నాళ్లకు భార్య ఆ టికెట్టుతోనే వచ్చింది. జిగురు పనివాడు దగ్గరుండి చూపించాడు. "అంతా బావ చేతిపనే అక్కయ్యా."

ఆమె అద్దాలపెట్టె ముందు చతికిలబడి, కిందినుంచి పైకి చాలాసేపు చూసింది.

"ఎవరికీ చెప్పకురా," అంది చివరికి. "తీసేస్తారు."

ఆ ఆదిమ వరాహం పై దవడలో, నిరుడు ఆమే వెంట ఉండి పళ్లడాక్టరు చేత నింపించిన వెండి తళుక్కుమంటోంది.