పన్నెండు కన్నాలు

దబ్బనం ఏడు పొరల గుడ్డనీ, మధ్యలో కుక్కిన దూదినీ దాటి అవతలికి వచ్చింది. మాలకొండమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి కన్నం వెడల్పు చేసి, చుట్టూ దారంతో ముడులు వెయ్యసాగింది. కత్తిరించిన కన్నం కాదు గనక ముడులు లేకపోతే గుడ్డ మళ్లీ మూసుకుపోతుంది. పైన వేసుకునే ఇనప కవచాన్ని తాళ్లతో బిగించడానికి ఈ కోటుకు పెట్టే కన్నాల్లో ఇది పన్నెండోది, ఆఖరిది. పాతకాలపు యుద్ధాలను సరదాకి ఆడుకునే విదేశీయుల కోసం, చిల్లకూరు హైవే పక్క షెడ్డులో ఆరేళ్లుగా ఆమె ఈ సైనికుల కోట్లే కుడుతోంది. పులికాట్ ఒడ్డున వలలు అల్లిన నాన్న నేర్పిన ముడి అది. షెడ్డులో ఇంకెవరికీ రాదు.

మూడు నెలల కిందట ఓనరు నరేంద్రబాబు ఆ ముడిని వీడియో తీయించాడు. చేతులు మాలకొండమ్మవి. మొహం మాత్రం ఆయన భార్య వనజాక్షిది. ఇదేం న్యాయమని అడిగితే ఆయన నవ్వాడు.

"చేతులు ఎవరివైతే ఏందమ్మా, మొహం బాగుండాల గదా."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అప్పట్నుంచీ మాట తగ్గించింది గానీ పని తగ్గించలేదు.

ఆ వీడియో చూసి ముచ్చటపడిన దొర ఒకాయన ఈ రోజు చెన్నై నుంచి కారులో వస్తున్నాడు. అమ్మగారు కుడుతుంటే కళ్లారా చూసి పెద్ద ఆర్డరు ఇస్తాడట. కన్నాలన్నీ ముగించి, చివరిదానికి ఒక్క ముడి మిగల్చమనీ, అది అమ్మగారు లాగుతారనీ, దొర వెళ్లేదాకా వెనక గదిలో చప్పుడు చెయ్యకుండా కూర్చోమనీ నరేంద్రబాబు పొద్దున్నే చెప్పాడు.

ఆమె తలూపింది. ఆయన అమ్మగారి కుర్చీ ఎదుట కెమెరా పెట్టించి, మలుపు దగ్గరికి కారుకు ఎదురెళ్లాడు. అమ్మగారు గదిలో పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. మాలకొండమ్మ బ్లేడు తీసింది. మొదటి కన్నం దగ్గర మొదలుపెట్టి, తను వేసిన ముడులన్నీ తెంపింది. మిషను కుట్ల జోలికి పోలేదు, అవి వేరేవాళ్ల కష్టం. దారం ముక్కలు ఏరి కొంగున ముడివేసుకుంది. గోటితో రుద్దేసరికి గుడ్డ కలిసిపోయి కన్నాలు మాయమయ్యాయి. ఈ పని మళ్లీ దొరకదని తెలుసు. అయినా ఇన్నాళ్ల కసి తీరుతుంటే ప్రాణం హాయిగా ఉంది.

టిఫిను డబ్బా తీసుకుని వనజాక్షి గది ముందు ఆగింది.

"అంతా కుర్చీ మీద పెట్టినానమ్మా. సూదిలో దారం గూడా ఎక్కించినా. మీరు కూర్చోని కుట్టడమే."

మంచిదే, నువ్వు లోపలికి పో అంది వనజాక్షి, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

మాలకొండమ్మ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఆమె గూడూరు బస్సు ఎక్కేసరికి తెల్లకారు షెడ్డు వైపు తిరుగుతోంది. ఆమె అటు చూడలేదు.

లోపల కెమెరా ఎదుట, కుర్చీలో, ఒక్క కన్నమైనా లేని కోటు మీద దబ్బనమూ, పొడుగాటి దారం వేలాడుతున్న సూదీ ఉన్నాయి.