చిటికెన వేలి అక్షరాలు

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు నడిపే ఆడదానికి నోరు లేకపోతే రోజు గడవదు. టీ ఒలకబోసిన ల్యాప్‌టాప్ తెచ్చి, ‘దానంతటదే ఆగిపోయిందండీ’ అనేవాళ్లతో పొద్దస్తమానం వేగాలి. నాలుగు స్క్రూలు విప్పితే చాలు, లోపల చక్కెర పాకంతో సహా నిజం బయటపడుతుంది. యంత్రం సాక్షిగా నా దగ్గర ఎవరి అబద్ధమూ నిలవలేదని పదేళ్లుగా కోతలు కోస్తున్నాను. ఆ గొప్పంతా మా బావ విషయంలో గంగలో కలిసిపోయింది.

బావ అంటే మా అక్క భర్త. కోర్టులో టైపిస్టు. సాక్షి చెప్పేది చెప్పినట్టు అక్కడికక్కడే కొట్టాలి. సాక్షి నోరు మూసేలోపే వాక్యం స్క్రీన్ మీద పడిపోయేది, అంత వేగం. అక్క పెళ్లయిన కొత్తలో నాకు టైపింగ్ నేర్పింది ఆయనే. నా చేతుల మీద తువ్వాలు కప్పి, చూడకుండా కొట్టమనేవాడు. ఏ అక్షరం ఏ వేలిదో ఆ వేలే నొక్కాలి. పక్క వేలు సాయానికి వచ్చిందా, తువ్వాలు మీంచే స్కేలుతో ఒక్కటి పడేది. నాకు పిడుగు అని పేరు పెట్టింది కూడా అప్పుడే.

పోయిన వానాకాలంలో కొట్టుకి వచ్చి, మూల పడున్న ఓ పాత ల్యాప్‌టాప్ కోర్టు పనికి కావాలన్నాడు. అది కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ల కోసం చేసిన రకం. మామూలు అక్షరాల బోర్డు కాకుండా, ఎడమ అంచున నిలువుగా అయిదు అదనపు బటన్లుంటాయి. ఆటలో గెంతడానికి ఒకటి, కత్తి విసరడానికి ఒకటి, అలా ఎవరికి కావలసిన పని వాళ్లు వాటికి అప్పగించుకోవచ్చు. అందుకో చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఈ వయసులో ఆటలేమిటి బావా అని ఏడిపించాను. నవ్వేసి, మొదటి బటన్ నొక్కితే ఎంటర్, రెండోది నొక్కితే ‘పి’ పడేలా మార్చమన్నాడు. ఎందుకంటే కుడివైపు బటన్లు గట్టిగా ఉన్నాయట. నొక్కి చూశాను. వెన్నలో వేలు పెట్టినట్టు దిగుతున్నాయి. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని ఓ సామెత విసిరి, రెండు నిమిషాల్లో మార్చి ఇచ్చేశాను.

రెండు నెలలకి మళ్లీ వచ్చాడు. ఈసారి మూడో బటన్‌కి ‘ఓ’, నాలుగోదానికి ‘ఎల్’. ఇలాగైతే కుడివైపు బోర్డంతా పీకి ఎడమవైపు అంటించేస్తానన్నాను. నేనిచ్చిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. చలిగా ఉందన్నాడు. కాబోసు అనుకున్నాను.

ఆ తర్వాత నెలన్నరకి అయిదో బటన్ కూడా నిండింది. అది ‘ఐ’. ఇల్లు నిండిపోయింది బావా, ఇంక అద్దెకి గదులు లేవు అన్నాను. ఆయన ఏదో అనబోయి, నా ముఖంలోకి కాసేపు చూసి, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను వెంటనే ఇంకెవరిదో చార్జర్‌ని తిట్టుకుంటూ పనిలో పడ్డాను.

మొన్న సోమవారం మధ్యాహ్నం, కోర్టు విరామంలో వచ్చాడు. కొట్టు ముందున్న ఒక్క మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ఎటో చూస్తూ చెప్పాడు.

“ఈ అయిదూ అందడం లేదు పిడుగూ. పైన సౌండు పెంచే తగ్గించే బటన్ల వరస ఉంది కదా, అక్కడికి మార్చెయ్యి. వాటితో పాటు ‘ఏ’ని కూడా.”

ప్రోగ్రాం తెరిచాను. జోకు కూడా సిద్ధంగానే ఉంది. కానీ ‘ఏ’ నొక్కబోయేసరికి నా ఎడమ చిటికెన వేలు అప్పటికే దాని మీద ఉంది. టైపింగ్ నేర్చినవాళ్లెవరికైనా అక్కడే ఉంటుంది. ‘ఏ’ అందకపోవడమనేది ఉండదు. ఆ వేలు కదలకపోతే తప్ప.

ఎంటర్, ‘పి’ కుడి చిటికెన వేలివి. ‘ఓ’, ‘ఎల్’ దాని పక్కనున్న ఉంగరపు వేలివి. ‘ఐ’ నడిమి వేలిది. ఒక్కొక్క వేలూ పడిపోతుంటే ఈ మనిషి ఒక్కొక్క బటన్ నాతో మార్పించుకుంటూ వచ్చాడు. కుడి చేతి పని ఎడమ చిటికెన వేలికి అప్పగించాడు. ఇప్పుడు అదీ పోయింది. మార్చి ఇచ్చినదాన్ని నేను, నవ్వుతూ, సామెతలు చెబుతూ. ఆయన ముఖంలోకి చూడటానికి భయమేసింది.

రెండు చేతులూ బల్ల మీద పెట్టమన్నాను. ఆయన పెట్టలేదు. నేనే లాగి పెట్టాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంటలు పడి ఉన్నాయి, రెండు చేతులకీ. నా చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ అందించాను. పట్టుకున్నాడు. పట్టుకున్నాననుకున్నాడు. అది నేల మీద పడి దొర్లుతుంటే ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఎన్నాళ్లయిందని అడిగాను. మొదటిసారి నా దగ్గరికి వచ్చేటప్పటికి వారం అన్నాడు. అంటే అయిదు నెలలు. వచ్చే నెల కోర్టులో వేగానికి పరీక్ష ఉందట. అందుకోలేనివాళ్లని హాల్లోంచి తీసేసి పాత కాగితాల గదిలో కూర్చోబెడతారట. అది ఒక్కటి గట్టెక్కితే డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నాడట. చేతులు చచ్చుబడుతుంటే పరీక్ష గట్టెక్కేదెలా అని అరిచాను. పక్క కొట్టు ఆయన తొంగి చూశాడు. బావ తల ఎత్తకుండా, అక్కకి చెప్పొద్దు, భయపడుతుంది అన్నాడు.

కొట్టు మూసేసి నా స్కూటర్ తీశాను. వెనక కూర్చోబెట్టి గట్టిగా పట్టుకోమన్నాను.

“పట్టు దొరకదే” అన్నాడు, చాలా మామూలుగా.

సీటు వెనక కడ్డీకి మోచేతులు మెలివేసి కూర్చున్నాడు. నడిచేవాళ్లు కూడా మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా నడిపాను.

నరాల డాక్టరమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చేతులు చూసింది, మోకాళ్ల మీద సుత్తితో తట్టింది, గీత మీద నడిపించింది. వెంటనే స్కాన్ తీయించింది. అది రావడానికి రెండు గంటలు పట్టింది. మెడ ఎముకల మధ్య ఉండే మెత్త పక్కకి జరిగి, లోపలున్న వెన్నుపామును నొక్కేస్తోందట. జబ్బు వేళ్లది కాదు, మెడది. చేతులతో మొదలైంది, కాళ్ల దాకా వచ్చింది, రేపోమాపో మంచం పట్టిస్తుంది. ఎప్పటినుంచి ఇలా ఉందని ఆవిడ అడిగితే, బావ రెండు నెలలన్నాడు. కాదన్నాను. కుడి చిటికెన వేలు ఎప్పుడు పోయింది, ఉంగరపు వేలు ఎప్పుడు, నడిమి వేలు ఎప్పుడు, వరసగా నేనే చెప్పాను. రోగి కంటే నాకే బాగా తెలుసు. ఆవిడ రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపి నా వైపు చూసింది.

“రెండు వేళ్లప్పుడే వచ్చి ఉంటే చాలావరకు తిరిగొచ్చేవి. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే ఇక్కడితో ఆగుతుంది. పోయినవి వస్తాయని మాటివ్వలేను.”

నేను ఫోన్ చేస్తే, అక్క బడిలో చెబుతున్న పాఠం మధ్యలోంచి లేచి వచ్చింది. వేళ్లకి సుద్దముక్క పొడి ఇంకా అలాగే ఉంది. దాచడానికి ఇంకేం మిగల్లేదు కనక అంతా చెప్పాను, నా సామెతలతో సహా. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. వేళ్లకున్న ఆ పొడి కొంగుకి తుడుచుకుంటూ, నాతో కాదన్నట్టుగా అంది.

“మూడు నెలలుగా పొద్దున్నే చొక్కా గుండీలు నన్నే పెట్టమంటున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లకి ముద్దు చేస్తున్నారని మురిసిపోయాను.”

ఇన్నాళ్లూ ఇద్దరం ఆయన చేతుల పనే చేసిపెడుతూ వచ్చాం. ఇద్దరికీ తెలియలేదు.

ఇవాళ పొద్దున ఆపరేషన్. అక్క కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్లినప్పుడు బావ పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. మెడ కదలకుండా పట్టీ వేశారు. పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. మూడు రోజులుగా లోపల ఉడుకుతున్నది ఇంక ఆపుకోలేకపోయాను. ఊళ్లో ఇన్ని కొట్లుండగా నా దగ్గరికే ఎందుకు వచ్చావు, ఈ పాపం నా చేత్తోనే ఎందుకు చేయించావు అని నిలదీశాను. వేళాపాళా లేని నోరు నాది. ఆయన కోప్పడలేదు.

“వేరే కొట్టువాళ్లకి తెలియదు. నీకు తెలుస్తుందనే వచ్చాను” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“నా నోటితో చెప్పుకోలేకపోయానే. చెబితే నిజమైపోతుందని భయం. ఏ వేలికి ఏ అక్షరమో నీకు నేనే నేర్పాను కదా, బటన్ల పేర్లు చెప్పగానే పట్టేస్తావనుకున్నాను. పట్టేసి, రెండు తిట్టి, డాక్టరు దగ్గరికి లాక్కెళ్తావని. వచ్చిన ప్రతిసారీ అదే అనుకున్నాను. నువ్వేమో నవ్వుతూ మార్చి ఇచ్చేశావు. నీకే అనుమానం రాలేదంటే పెద్దదేమీ కాదులే అని, నేనూ ధైర్యంగా ఇంటికి వెళ్లిపోయాను.”

మంచం తోసుకెళ్లే మనిషి వచ్చి నన్ను పక్కకి జరగమన్నాడు. నేను కదల్లేదు. ఏడుస్తున్నానని అప్పటికిగానీ నాకే తెలియలేదు. బావ నా భుజం తట్టబోయాడు. చెయ్యి సగం దాకా లేచి దుప్పటి మీద పడిపోయింది. ఆ చేతిని నేనే ఎత్తి నా భుజం మీద పెట్టుకుని, తలుపు దాకా మంచం పక్కనే నడిచాను.