నిన్న చెప్పాల్సిన మాట

బీపీ మిషన్ చంకన పెట్టుకుని మూడో మంచం దాటుతుండగా భాగ్యకు అగరుబత్తి వాసన తగిలింది. వార్డులో అవి ముట్టించొద్దని ఇరవై ఆరేళ్లుగా చెబుతూనే ఉంది. దేవరుప్పుల నుంచి వచ్చి ఈ దవాఖానలో నర్సుగా చేరాక ఆమె నోరు అరిగింది, చెప్పులు అరిగాయి, ప్రమోషన్ మాత్రం రాలేదు.

వాసన చివరి మంచం నుంచి వస్తోంది. అక్కడున్నది గంగారం వైపు తండా కుర్రాడు వీరేందర్. చెవిలో ఎవరో తిడుతున్నారని నిన్న కిటికీ అద్దాలు పగలగొడితే డాక్టరు రాసిన సూది భాగ్యే వేసింది. ఇప్పుడు అతని మెడ ఎడమ భుజం మీదికి మెలిపడి ఉంది. కనుగుడ్లు పైకి తిరిగి దిగడం లేదు. నాలుక బయటికొచ్చి గడ్డం మీద చొంగ కారుతోంది. కొడుకు ఒంటి మీదికి తండా దేవత మేరామ తల్లి వచ్చిందని, కన్నతల్లి చంద్రి చేతులు జోడించి ఏం కావాలో అడుగుతోంది.

భాగ్య చూడగానే పోల్చుకుంది. ఇది దేవత కాదు, నిన్నటి సూది. అది వేసిన ప్రతిసారీ, మెడ పట్టేయొచ్చు, భయపడక నన్ను పిలవండని ఇంటివాళ్లకు చెప్పేది. నిన్న యాక్సిడెంటు కేసులు మూడు ఒక్కసారే వచ్చిపడ్డ హడావుడిలో మరిచిపోయింది.

అగరుబత్తి ఆర్పి, అతన్ని పక్కకు తిప్పి, చొంగ తుడిచింది. ఊపిరి ఆడుతోంది. గొంతు కూడా పట్టేస్తే ప్రాణానికే ముప్పు. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన విరుగుడు మందు తుంటికి సూదిగా ఇచ్చింది. అతనికి అంతా తెలుస్తూనే ఉంది.

"సచ్చిపోతనా?" ముద్దముద్దగా అడిగాడు.

"సావవు బిడ్డా. నా సూదితోనే పట్టింది, నా సూదితోనే ఇడుస్తది."

కూర్చోలేక, నిలబడలేక, నాలుగుసార్లు గడియారం చూసింది. పావుగంటకు మెడ సడలింది. అతను కళ్లు దించి నీళ్లడిగితే భాగ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు చంద్రికి అంతా విడమరిచి చెప్పింది. మందు మారుస్తారని, అసలుకే మానేస్తే ఆ తిట్లు మళ్లీ మొదలవుతాయని కూడా చెప్పింది. చంద్రి కొడుకు చెమట తుడుస్తూ విన్నది.

"గీ ముచ్చట నిన్న జెప్పకపోతివి సిస్టరమ్మా. తల్లిని ఎల్లగొట్టినంక జెప్తె ఎట్ల నమ్మాలె?"

డాక్టరు రాసిన మాత్రల పొట్లం భాగ్య దిండు మీద పెట్టింది. ఇంతలో ఇంకో మంచం నుంచి పిలుపు వచ్చింది.

మధ్యాహ్నం భాగ్య వచ్చేసరికి చివరి మంచం ఖాళీ. గేటు దాకా ఉరికింది. తల్లీకొడుకులు ఆటో ఎక్కి చాలాసేపైందని వాచ్‌మన్ చెప్పాడు. తండా ఆశా వర్కరుకు ఫోన్ చేస్తే సాయంత్రం వెళ్లి చూస్తానంది. తప్పు తనది, తిరగాల్సింది ఇంకొకరు.

దుప్పటి మార్చడానికి తిరిగొచ్చింది. మెడ మళ్లీ పట్టేయకుండా ఇచ్చిన మాత్రల పొట్లం, మడత విప్పకుండా, దిండు మీదే ఉంది.